తీసేసిన సీన్లు, పోయిన సీన్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 1933 నాటి ‘కింగ్ కాంగ్’లో నావికులు లోయలో పడితే సాలీళ్లు తినేసే సీను ఇంటర్నెట్‌లో చూశాను. ఆ సీను ఇప్పటిదాకా దొరకలేదని ఇంకోచోట చదివాను. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే. మీరు చూసిన సీను 1933లో తీసినది కాదు. పీటర్ జాక్సన్ 2005లో తన ‘కింగ్ కాంగ్’ తీస్తున్న రోజుల్లో, పాత సినిమా డీవీడీ కోసం ఆ సీనును కొత్తగా తీయించాడు. పద్ధతి స్టాప్ మోషన్: చిన్న బొమ్మను కొద్దిగా కదపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ కదపడం. సెకనుకు 24 ఫ్రేములు. పద్ధతీ పాతదే, రంగూ నలుపు తెలుపే కాబట్టి చాలామంది దాన్ని అసలుదనుకుంటున్నారు.

అసలు సీను ఆ సినిమా ట్రిక్కు దృశ్యాలు చేసిన విల్లిస్ ఓబ్రయన్ బృందం చేసింది. లోయ దాటుతున్న నావికుల దుంగను కాంగ్ అనే రాక్షస గొరిల్లా కుదిపి వాళ్లను కిందికి విసిరేశాక, కింద ప్రాణాలతో ఉన్నవాళ్లను సాలీళ్లూ ఇతర జంతువులూ పట్టుకుంటాయి. సెన్సారు తీయించిందని కొందరు రాస్తారు, అది తప్పు. దర్శకుల్లో ఒకరైన మెరియన్ సి. కూపరే దాన్ని తీసేశాడు. కథ అక్కడ ఆగిపోతోందన్నది ఆయన చెప్పిన కారణం. ఆయన చేసింది సరైన పనేనని మా అభిప్రాయం. కథానాయిక ఆన్‌ను కాంగ్ ఎత్తుకుపోయాడు, చూసేవాడి మనసు ఆమె వెంట పరుగెడుతోంది. అప్పుడు లోయలోకి దిగి పేరు కూడా తెలియని నావికుల చావు చూపిస్తే ఆ పరుగు తెగిపోతుంది.

ఇప్పుడున్న సినిమాలో ఆ చోటు ఒకసారి నిదానంగా చూడండి. నావికులు పడతారు, నేలకు కొట్టుకుంటారు, కెమెరా వెంటనే పైకి వచ్చేస్తుంది. కాసేపటికి బల్లిలాంటి జంతువొకటి తీగ పట్టుకుని కథానాయకుడు డ్రిస్కల్ వైపు ఎగబాకుతుంది, అతను తీగ కోసేస్తాడు. లోయలో ఏవో ప్రాణులున్నాయనడానికి సినిమాలో మిగిలిన ఆనవాలు అదే. ఆ సీనుకు సంబంధించిన స్టిల్ ఫోటో ఉంది. కదిలే బొమ్మ మాత్రం ఒక్క అడుగు ఫిల్ము కూడా బయటపడలేదు.

దీన్ని 1938 కత్తిరింపులతో కలపకండి. ఆ ఏడాది సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు ప్రొడక్షన్ కోడ్ (తెర మీద ఏం చూపించకూడదో చెప్పే హాలీవుడ్ నియమావళి) పేరుతో కొన్ని ముక్కలు తీసేశారు. కాంగ్ ఆన్ బట్టలు ఒలవడం, మనుషుల్ని నమలడం, కాలికింద తొక్కడం, ఆన్ అనుకుని పట్టుకున్న ఇంకో అమ్మాయిని భవనం మీది నుంచి వదిలేయడం వంటివి. అవన్నీ తర్వాత పాత ప్రింట్లలో దొరికాయి, తిరిగి సినిమాలో చేరాయి. ఎందుకంటే 1933 ప్రింట్లు అప్పటికే ఊరూరా తిరిగాయి, అన్నిటినీ వెనక్కి తెప్పించి కోయడం ఎవరివల్లా కాదు. సాలీళ్ల సీను అసలు విడుదల ప్రింట్లలోకే ఎక్కలేదు. ఏ పోయిన సీను గురించి విన్నా ముందు అడగాల్సింది ఇదే: విడుదలకు ముందు తీశారా, తర్వాత తీశారా? తర్వాతైతే ఆశ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: ఫ్రాంక్ కాప్రా ‘లాస్ట్ హొరైజన్’ (1937) డిస్కు కొన్నాను. మధ్యమధ్యలో బొమ్మ కదలకుండా ఫోటోలా నిలబడిపోతుంది, మాటలు మాత్రం వినిపిస్తూనే ఉంటాయి. డిస్కు పాడైందా?

జవాబు: డిస్కు బాగానే ఉంది, మార్చుకోనక్కర్లేదు. మొదట 132 నిమిషాలున్న ఆ సినిమాను తర్వాతి విడుదలల కోసం కోసుకుంటూ పోయారు. 1942లో యుద్ధం నడుస్తుండగా శాంతి గురించిన మాటలు కూడా పోయాయి. 1967 నాటికి కెమెరా నెగటివ్ పాడైపోయింది. 1973లో రాబర్ట్ గిట్ పునరుద్ధరణ మొదలుపెట్టి ప్రపంచంలోని ఆర్కైవులన్నీ వెతికిస్తే 132 నిమిషాల శబ్దం పూర్తిగా దొరికింది కానీ, బొమ్మ 125 నిమిషాలే దొరికింది. తక్కువపడిన 7 నిమిషాల్లో షూటింగ్ నాటి స్టిల్ ఫోటోలూ, సినిమాలోంచే ఆపిన ఫ్రేములూ పెట్టారు. ఆ తర్వాత ఒక 16 ఎం.ఎం. (ఫిల్ము వెడల్పు) ప్రింటు నుంచి ఇంకో నిమిషం దాకా బొమ్మ దొరికింది. కాబట్టి ఏ ఏడాది డిస్కు అన్నదాన్ని బట్టి నిలబడిపోయే ఫోటోల సంఖ్య మారుతుంది.

శబ్దం మిగిలి బొమ్మ పోవడమేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ కాలంలో బొమ్మకొక నెగటివ్, శబ్దానికొక నెగటివ్. థియేటరుకు వెళ్లే ప్రింటులోనే రెండూ పక్కపక్కన చేరతాయి. ఒకటి పోయినా రెండోది ఇంకో డబ్బాలో బతికి ఉండొచ్చు. శబ్దం దొరికితే మేలేమిటంటే, కొలత చేతికొస్తుంది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, అడుగుకు 16 ఫ్రేములు. అంటే ఖాళీ 630 అడుగులు. ఏ మాట దగ్గర ఫోటో పెట్టాలి, అది ఎన్ని ఫ్రేములు నిలవాలి అన్నది శబ్దమే చెప్పేస్తుంది, ఊహతో పనిలేదు.

ప్రశ్న: ‘ది గూనీస్’ చివర్లో డేటా అనే కుర్రాడు ఆక్టోపస్ చాలా భయపెట్టిందంటాడు. సినిమాలో ఆక్టోపసే లేదు కదా?

జవాబు: ఉండేది, తీసేశారు. నీళ్లలో పిల్లల మీదికి ఆక్టోపస్ వస్తుంది, డేటా దాని నోట్లో వాక్‌మన్ కుక్కుతాడు, అది పాటకు ఊగుతూ వెళ్లిపోతుంది. 1985 విడుదలలో సీను పోయింది, మాట మిగిలింది. టీవీలో వచ్చిన ఒక కూర్పులో చేర్చారు, డీవీడీలో విడిగా పెట్టారు.

‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ (1939)లోనూ ఇలాంటిదే ఉంది. డొరతీ బృందాన్ని పట్టుకురమ్మని కోతుల్ని పంపుతూ మంత్రగత్తె, వాళ్ల పోట్లాడే శక్తి పోయేలా ముందుగా ఒక చిన్న పురుగును పంపానంటుంది. ఆ పురుగు కుట్టాక అందరూ గెంతుతూ పాడే ‘జిట్టర్‌బగ్’ పాటను తీసేశారు. పాట రికార్డింగు ఉంది. పాటల స్వరకర్త హెరాల్డ్ ఆర్లెన్ సెట్‌లో తన సొంత కెమెరాతో తీసుకున్న బొమ్మ ఉంది. అసలు సినిమా ఫిల్ము లేదు.

ప్రశ్న: ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో తిరిగి కలిపిన సీన్లలో జాక్ హాకిన్స్ గొంతు ఆయనది కాదంటారు. నిజమా? మిగతావాళ్ల గొంతులు మాత్రం సరిగ్గానే ఉన్నాయే?

జవాబు: నిజం. 1962 డిసెంబరు 10న లండన్‌లో మొదటి ప్రదర్శన నాటికి సినిమా 222 నిమిషాలు. కొన్ని వారాల్లోనే 20 నిమిషాలు తగ్గించారు. 1970లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఇంకో 15 నిమిషాలు పోయి 187కు దిగింది. రాబర్ట్ ఎ. హారిస్ 1980ల చివర్లో పునరుద్ధరణకు పూనుకున్నప్పుడు, పోయిన చోట్లకు బొమ్మ చాలావరకు దొరికింది, మాటలు దొరకలేదు. ‘లాస్ట్ హొరైజన్’కు సరిగ్గా తలకిందులు.

పాతికేళ్ల తర్వాత అదే నటులు వచ్చి మాటలు చెప్పాలి. పీటర్ ఓటూల్, అలెక్ గిన్నెస్, ఆంథొనీ క్విన్, ఆర్థర్ కెనెడీ చెప్పారు. వయసుతో గొంతు బరువెక్కుతుంది కాబట్టి రికార్డు చేశాక దాని స్థాయిని యంత్రంతో సరిచేయాల్సి వచ్చింది. హాకిన్స్ 1973లోనే చనిపోయాడు. ఆయనకు బదులు చార్ల్స్ గ్రే చెప్పాడు. అది ఏదో దొరికినవాడితో చెప్పించడం కాదు. గొంతు క్యాన్సరుతో హాకిన్స్ మాట పోయాక, ఆయన నటించిన పలు సినిమాలకు గ్రేనే గొంతిచ్చాడు.

ఇలాంటి డబ్బింగులో గొంతు కలిసినా పెదవుల దగ్గర దొరికిపోతారు. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి, తెర మీద మూసుకున్న ఆ ఫ్రేములోనే శబ్దమూ మూసుకోవాలి. రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయితే, ఏం తేడా ఉందో చెప్పలేకపోయినా చూసేవాడికి ఏదో అతకనట్టు అనిపిస్తుంది. దానికి తోడు డబ్బింగు గదిలో రికార్డు చేసిన మాట పొడిగా ఉంటుంది. పక్క షాటులో ఉన్న గాలి, గది ప్రతిధ్వని, బట్టల సవ్వడి దాని కింద పరవకపోతే ముక్క అతికించినట్టే వినిపిస్తుంది. ఎలెన్‌బీకీ (హాకిన్స్ వేసిన పాత్ర) లారెన్స్‌కీ మధ్య సీన్లు మంచి హెడ్‌ఫోన్లతో వినండి, ఎంత ఓపికగా చేశారో తెలుస్తుంది. దర్శకుడు డేవిడ్ లీన్, ఎడిటర్ ఆన్ కోట్స్ ఇద్దరూ దగ్గరుండి చివరికి 216 నిమిషాలకు కుదించారు. దొరికింది కదా అని లీన్ ప్రతి ముక్కనూ ఉంచలేదన్నమాట.

ప్రశ్న: ఒక పాత 16 ఎం.ఎం. సాహస చిత్రం ప్రింటు నా చేతికొచ్చింది. అందులో ఇప్పటి కూర్పులో లేని సీన్లున్నాయేమో ఎలా చూడాలి?

జవాబు: ప్రొజెక్టరుకు ఎక్కించకండి. చాలా ప్రింట్లు ఆ మొదటి ఉత్సాహంలోనే చిరిగిపోయాయి.

ముందు డబ్బా మూత తీసి వాసన చూడండి. వెనిగర్ పులుపు వస్తే, ఫిల్ము పట్టీ తయారైన అసిటేట్ అనే ప్లాస్టిక్ కుళ్లుతోందన్నమాట. ఆ డబ్బాను మిగతా ఫిల్ముల నుంచి వెంటనే వేరుచేయండి, ఆ ఆవిరి పక్కవాటికీ అంటుతుంది. గాలి చొరకుండా బిగించకండి, ఆమ్లం లోపలే ఉండి పని ఇంకా వేగంగా చేస్తుంది. తుప్పు పట్టిన ఇనుప డబ్బా అయితే మార్చండి. ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి ఎ-డి పట్టీలని దొరుకుతాయి. డబ్బాలో వేసి ఉంచితే ఆమ్లాన్ని బట్టి నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు తిరుగుతాయి.

తర్వాత కుంచించుకుపోయిందేమో కొలవండి. శుభ్రమైన బల్ల మీద స్టీలు స్కేలు పెట్టి, నూలు చేతితొడుగులతో అంచులు మాత్రమే పట్టుకుని 100 ఫ్రేములు పరవండి. సరైన ఫిల్ము 762 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 754 దగ్గరికొస్తే ఒక శాతం కుంచించుకుపోయినట్టు. అప్పుడు ప్రొజెక్టరు పళ్లు రంధ్రాల్లో కూర్చోవు, చింపేస్తాయి. అలాంటిదాన్ని పళ్లు లేని స్కానరు మీదే తీయించాలి.

ఇక పొడవు. 16 ఎం.ఎం.లో అడుగుకు 40 ఫ్రేములు, మాటల సినిమా నిమిషానికి 36 అడుగులు. 400 అడుగుల రీలు 11 నిమిషాలు, 1600 అడుగులది 44. మూకీ అయితే సెకనుకు 16 ఫ్రేముల వేగంలో అదే 400 అడుగులు దాదాపు పదిహేడు నిమిషాలొస్తుంది. మూకీ నిడివిని మాటల సినిమా లెక్కతో కట్టి సినిమా కోసేశారని పొరబడేవాళ్లు చాలామంది. చేతితో తిప్పే రివైండరు మీద అడుగులు లెక్కపెట్టే మీటరుతో కొలవండి. తెలిసిన నిడివి కంటే ఎక్కువ వస్తేనే షాటు షాటుగా పోల్చే పనికి దిగండి.

అంచు మీద కోడాక్ ముద్రించే చుక్కలు, చతురస్రాలు, త్రిభుజాలు ఫిల్ము తయారైన ఏడాదిని చెబుతాయి. ఆ గుర్తులు 20 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి 1936, 1956 ఒకేలా కనిపిస్తాయి. రెండు వరసల గుర్తులుంటే ఒకటి నెగటివ్ నుంచి దిగినదై ఉండొచ్చు.

పొట్టి ప్రింటని పారేయకండి. 1925 నాటి ‘ది లాస్ట్ వరల్డ్’ ప్రింట్లను 1929 ప్రాంతంలో వెనక్కి తీసుకుని నాశనం చేశారు. దశాబ్దాలపాటు జనం చూసింది ఇళ్లలో ఆడించుకోవడానికి సుమారు సగానికి కుదించిన 16 ఎం.ఎం. కూర్పే. చెక్ దేశపు ఆర్కైవులో వేరే ప్రింటు దొరికాకే పెద్ద కూర్పు సాధ్యమైంది. ‘మెట్రోపోలిస్’కు 2008లో బ్యూనస్ ఎయిరెస్‌లో దొరికిన దాదాపు 25 నిమిషాల బొమ్మ కూడా 16 ఎం.ఎం. నుంచే. అరిగిన 35 ఎం.ఎం. ప్రింటును తిరిగి ఫోటో తీసినది కావడంతో ఆ గీతలన్నీ బొమ్మలో భాగమైపోయాయి, ఫిల్ము కడిగినా పోవు. అయినా ఆ గీతల వెనకే కథ పూర్తయింది.

మీది 35 ఎం.ఎం. అయి, 1950ల ఆరంభానికి ముందుదైతే పైవేవీ చేయకండి. అది నైట్రేటు, అంటే సులువుగా అంటుకునే పాతకాలపు ఫిల్ము, కావచ్చు. అంటుకుంటే నీళ్లలో ముంచినా మండుతుంది. డబ్బాను చల్లని చోట కదలకుండా ఉంచి ఫిల్ము ఆర్కైవుకు కబురు చేయండి.

ప్రశ్న: ‘20,000 లీగ్స్ అండర్ ది సీ’ (1954)లో రాక్షస స్క్విడ్ పోరాటాన్ని మొదట పగటి వెలుగులో తీశారంటారు. అది పోయిందా?

జవాబు: పోలేదు. ప్రశాంత సముద్రం మీద సూర్యాస్తమయంలో తీశారు. ఆ వెలుగులో స్క్విడ్ బొమ్మ చేతుల్ని ఆడించే తీగలు కనిపించాయి, నీళ్లు పీల్చిన బొమ్మ బరువెక్కి విడిపోసాగింది. అందుకే రాత్రి, తుపాను, ఎగిసే అలలు పెట్టి మొత్తం మళ్లీ తీశారు. తీగల్ని చీకటి దాచింది, బొమ్మ తడబాటును అలలు దాచాయి. పాత ఫిల్మును డిస్నీ దాచి ఉంచింది, డీవీడీలో అదనపు భాగంగా ఉంది. రెండూ వెంటవెంటనే వేసుకుని, స్క్విడ్ చేయి ఓడ మీదికి మొదట లేచే షాటు దగ్గర ఆపి పోల్చండి.