టెక్ సందేహాలు: లోడ్ బ్యాలెన్సర్ వెనకాల ఏం జరుగుతోంది?

ప్రశ్న: సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. లోడ్ బ్యాలెన్సర్లు (వచ్చే రిక్వెస్టులను పలు సర్వర్లకి పంచేవి) నిర్వహించడం నేర్చుకోవాలనుంది, కానీ ఖరీదైన పరికరాలేవీ నా దగ్గర లేవు. ఎలా మొదలుపెట్టాలి?

పరికరాలు అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో నాలుగు చిన్న లైనక్స్ వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి. గ్రాఫికల్ డెస్క్‌టాప్ లేకుండా ఒక్కోదానికి 512 ఎంబీ ఇస్తే చాలు. ఒకదాంట్లో హెచ్‌ఏప్రాక్సీ అనే లోడ్ బ్యాలెన్సర్ సాఫ్ట్‌వేర్, రెండింట్లో వెబ్ సర్వర్లు, నాలుగోది పేజీలు తెరిచి చూసే క్లయింట్. మొదటి సర్వర్ పేజీలో ‘ఒకటి’, రెండోదాంట్లో ‘రెండు’ అని మాత్రమే రాయండి. ఏ సర్వర్ జవాబిచ్చిందో చూడగానే తెలిసిపోవాలి.

రౌండ్ రాబిన్ (వంతులవారీగా పంచే పద్ధతి) పెట్టి పేజీ తెరుస్తుంటే ఒకటి, రెండు, ఒకటి, రెండు అని వస్తాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు చదువు మొదలయ్యేది ఆ తర్వాతే. రెండో సర్వర్‌లో వెబ్ సర్వీసు ఆపేసి చూడండి. కాన్ఫిగరేషన్‌లో ఆ సర్వర్ లైన్ చివర ‘చెక్’ అనే పదం లేకపోతే, చచ్చిన సర్వర్‌ని హెచ్‌ఏప్రాక్సీ బతికున్నట్టే లెక్కేస్తుంది. దాని వంతు వచ్చిన రిక్వెస్టులు కాసేపు తచ్చాడి 503 (సర్వీసు అందుబాటులో లేదు) ఎర్రర్‌తో తిరిగొస్తాయి. ‘చెక్’ చేర్చాక డిఫాల్ట్‌గా 2 సెకన్లకోసారి పరీక్ష జరుగుతుంది. వరసగా 3 సార్లు తప్పితే సర్వర్‌ని పక్కన పెడుతుంది, మళ్లీ 2 సార్లు నెగ్గితే తిరిగి తీసుకుంటుంది. అంటే పోర్టు (సర్వర్ కనెక్షన్లు అందుకునే ద్వారం) మూతపడిన సంగతి తేలడానికి సుమారు 4 నుంచి 6 సెకన్లు పడుతుంది. గడియారం పెట్టుకుని చూడండి.

ఆ మామూలు చెక్ చూసేది పోర్టు తెరిచి ఉందా లేదా అన్నదే. లోపల అప్లికేషన్ బిగుసుకుపోయినా కనెక్షన్ కలిస్తే పాసే. అందుకే హెల్త్ చెక్‌కి (సర్వర్ బాగుందా అన్న పరీక్షకి) ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టి, ఆ పేజీనే అడిగి చూసే హెచ్‌టీటీపీ చెక్ వాడాలి. ఇందులోనూ ఓ మెలిక ఉంది. డిఫాల్ట్‌గా 200ల కోడ్లతో (సఫలం) పాటు 300ల కోడ్లనూ (వేరే పేజీకి రీడైరెక్ట్) అది ఆరోగ్యంగానే లెక్కేస్తుంది. మీ హెల్త్ పేజీ లాగిన్‌కి రీడైరెక్ట్ అవుతుంటే 302 చూసి అంతా బాగుందనుకుంటుంది. కచ్చితంగా 200 మాత్రమే రావాలని రాయండి.

హెల్త్ పేజీలో డేటాబేస్‌నీ పరీక్షించాలా అని తర్జనభర్జన పడతారు. వద్దనే నా అభిప్రాయం. అందరూ వాడే డేటాబేస్ పది సెకన్లు తడబడితే, సర్వర్లన్నీ ఒకేసారి ‘డౌన్’ అయి సైట్ మొత్తం 503 అవుతుంది. డేటాబేస్ అక్కర్లేని పేజీలు కూడా దాంతోపాటే పోతాయి.

సర్వర్‌ని మరమ్మతుకి తీసేటప్పుడు నేరుగా ఆపేయకండి. ముందు ‘డ్రెయిన్’ స్థితిలో పెట్టండి. కొత్త కనెక్షన్లు ఆగుతాయి, పాతవి పని ముగించుకుని వెళ్తాయి. కుకీతో ఆ సర్వర్‌కి అతుక్కున్న యూజర్లు మాత్రం డ్రెయిన్‌లోనూ అక్కడికే వస్తుంటారు. కనెక్షన్ల లెక్క సున్నాకి దిగట్లేదేమిటని కంగారు పడేది ఇందుకే. వాళ్లనీ మళ్లించాలంటే ‘మెయింటెనెన్స్’ స్థితిలోకి మార్చాలి.

రిక్వెస్టులు పంచే అల్గారిథం ఎంపిక గురించి ఎక్కువ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. చిన్న చిన్న వెబ్ రిక్వెస్టులకి రౌండ్ రాబిన్, వెబ్‌సాకెట్ లాంటి దీర్ఘ కనెక్షన్లకి లీస్ట్ కనెక్షన్స్ (తక్కువ కనెక్షన్లున్న సర్వర్‌కి పంపడం).

ప్రశ్న: ట్రాఫిక్ పెద్దగా లేకపోయినా రోజుకి కొన్ని 502 ఎర్రర్లు (వెనకాల సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని బ్యాలెన్సర్ చెప్పేవి) వస్తున్నాయి. అప్లికేషన్ లాగ్‌లో ఏమీ కనిపించదు. ఎందుకు?

కీప్ అలైవ్ సమయాలు, అంటే ఖాళీ కనెక్షన్‌ని ఎంతసేపు తెరిచి ఉంచాలన్న గడువులు, చూడండి. బ్యాలెన్సర్ సర్వర్‌తో కనెక్షన్ తెరిచి ఉంచి మళ్లీ వాడుకుంటుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ఖాళీ కనెక్షన్‌ని డిఫాల్ట్‌గా 60 సెకన్లు ఉంచుతుంది. సర్వర్‌లో అప్లికేషన్ నడిపే నోడ్ జేఎస్ చాలా వెర్షన్లలో 5 సెకన్లకే మూసేస్తుంది. సర్వర్ మూసేస్తున్న క్షణంలోనే బ్యాలెన్సర్ దాని మీద రిక్వెస్ట్ పంపితే, అది అప్లికేషన్ దాకా చేరనే చేరదు. లాగ్‌లో జాడ లేనిది అందుకే. ట్రాఫిక్ తక్కువైతే కనెక్షన్లు ఖాళీగా పడి ఉండటం ఎక్కువ, కాబట్టి లోడ్ లేనప్పుడే ఇది బయటపడుతుంది. సర్వర్ వైపు సమయం బ్యాలెన్సర్ కన్నా ఎక్కువ ఉండాలి. అక్కడ 60 అయితే ఇక్కడ 65 పెట్టండి.

ప్రశ్న: సర్వర్ లాగ్‌లో యూజర్లందరి ఐపీ ఒకటే కనిపిస్తోంది.

అది మీ బ్యాలెన్సర్ ఐపీ. అనుమానాస్పద ఐపీలను ఆటోమేటిక్‌గా బ్లాక్ చేసే టూల్ నడుస్తుంటే ముందు దాన్ని ఆపండి. లేదంటే బ్యాలెన్సర్‌నే బ్లాక్ చేసి కూర్చుంటుంది. హెచ్‌టీటీపీ మోడ్‌లో ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ (యూజర్ అసలు ఐపీ చెప్పే లైన్) చేర్చమని బ్యాలెన్సర్‌కి చెప్పి, దాన్ని చదవమని సర్వర్‌కి చెప్పాలి. ఆ హెడర్‌ని ఎవరైనా సొంతంగా రాసి పంపొచ్చు. కాబట్టి బ్యాలెన్సర్ ఐపీ నుంచి వస్తేనే నమ్మాలి, అందులోనూ బ్యాలెన్సర్ చివర్న చేర్చిన ఐపీనే తీసుకోవాలి. టీసీపీ మోడ్‌లో బ్యాలెన్సర్ రిక్వెస్ట్‌ని చదవకుండా అలాగే దాటిస్తుంది, హెడర్ చేర్చలేదు కాబట్టి ప్రాక్సీ ప్రోటోకాల్ (కనెక్షన్ మొదట్లోనే యూజర్ ఐపీ చెప్పే పద్ధతి) కావాలి. దాన్ని ఒకవైపే ఆన్ చేస్తే కనెక్షన్లన్నీ విరిగిపోతాయి. ముందు సర్వర్‌లో వేరే పోర్టు మీద పెట్టి, బ్యాలెన్సర్‌ని ఆ పోర్టుకి మళ్లించి చూశాకే పాతది తీసేయండి.