కేదార్‌కంఠకు ఏ కర్రలు కొనాలి?

ప్రశ్న: డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి, ఫిబ్రవరిలో ఔలీలో స్కీయింగ్ నేర్చుకోవడానికి వెళ్తున్నాను. రెండింటికీ ఒకే జత పోల్స్ సరిపోతాయా? షాపులో కార్బన్‌వి తీసుకోమంటున్నారు. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ట్రెక్‌కి ఒక జత కొంటే చాలమ్మా, ఔలీలో పోల్స్ అద్దెకిస్తారు. కొనేటప్పుడు బరువు సంగతి తర్వాత, ముందు కర్ర పొడవు మార్చి బిగించే లాక్ చూడండి. నా మొదటి జత మెలితిప్పి బిగించే రకం. ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊళ్లో గట్టిగానే బిగించాను. 12,500 అడుగుల శిఖరం నుంచి దిగుతుంటే, లోపల తడి చేరిందేమో, బరువు మోపగానే కర్ర కిందిముక్క పైకి జారిపోయింది. మోకాలు రాయికి కొట్టుకుంది. క్యాంపు దాకా ఒంటికర్రతో కుంటుకుంటూ వచ్చాను. అప్పటినుంచీ నాకు క్లిప్పులా మూసే లివర్ లాకే. గ్లవ్స్ తీయకుండానే వేయొచ్చు, తీయొచ్చు. వదులైతే పక్కనున్న స్క్రూ కాస్త బిగిస్తే చాలు. షాపులోనే లాక్ వేసి, ఒంటి బరువంతా మోపి చూడండి. జారిందా, అక్కడే పెట్టేసి రండి.

కార్బన్ తేలికే. కానీ రాళ్ల మధ్య ఇరుక్కుని పక్కకు ఒత్తిడి పడితే పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం ముందు వంగుతుంది, ఎలాగోలా క్యాంపుకి చేరుస్తుంది. మొదటి జతగా అదే కొనండి.

మీ ఎత్తుకి చదును దారిలో 110 సెంటీమీటర్లు సరిపోతుంది, మోచేయి లంబకోణంలో ఉండాలి. ఎక్కేటప్పుడు 5 నుంచి 10 తగ్గించి, దిగేటప్పుడు అంతే పెంచాలి. అందుకే 100 దాకా తగ్గేవి అడగండి. పిడి కింద కూడా ఫోమ్ ఉంటే ఇంకా మేలు. వాలుకి అడ్డంగా నడిచేటప్పుడు ప్రతిసారీ లాక్ విప్పక్కర్లేదు, పైవైపు చేతిని కిందకు జరిపితే చాలు. మంచుకి వెడల్పాటి బాస్కెట్లు (కర్ర కొనకి కాస్త పైన తగిలించే బిళ్లలు) తప్పనిసరి, అవి లేకపోతే కర్ర లోతుగా దిగబడిపోతుంది.

ఔలీలో నేర్చుకునేటప్పుడు స్కీలతో పాటు అద్దెకిచ్చే ఒంటిముక్క పోల్సే వాడండి, అవి గట్టివి. మీ జత అసలు పనికొచ్చేది తర్వాత, స్కీల అడుగున స్కిన్లు (వెనక్కి జారకుండా పట్టునిచ్చే పట్టీలు) అంటించుకుని కొండెక్కే స్కీ టూరింగ్‌లో. అక్కడ లెక్క తిరగబడుతుంది: స్కిన్లతో నడిచేటప్పుడు పొడుగ్గా, జారేటప్పుడు పొట్టిగా పెట్టుకుంటారు. మంచు చరియలు విరిగిపడే అవకాశమున్న వాలు మీద మాత్రం కర్రల పిడికుండే పట్టీల్లోంచి చేతులు తీసేయండి. చిక్కుకుంటే ఆ కర్రలే లోపలికి లాగేస్తాయి.

రోజూ రాత్రి ముక్కలు విడదీసి, తుడిచి ఆరబెట్టండి. విమానంలో చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి.