చిన్నా, ఆ మిక్సీ ముట్టుకోకు

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్ ఎత్తట్లేదు కాబట్టి రాసి పంపుతున్నాను. దీపావళికి సొంతంగా చిచ్చుబుడ్లు చేస్తానని డాబా మీద మిక్సీ పెట్టి అల్యూమినియం, మెగ్నీషియం పొడి కొడుతున్నావట. మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఒకటే టెన్షన్.

బాలానగర్‌లో 30 ఏళ్లు లేత్ మీద పనిచేశాను. ఒకరోజు మెషిన్ కింద పోగుపడ్డ మెగ్నీషియం చిప్స్, అంటే లోహాన్ని చెక్కినప్పుడు రాలే తురుము, అంటుకున్నాయి. కంగారులో ఒక కుర్రాడు బకెట్ నీళ్లు కుమ్మరించాడు. మండే మెగ్నీషియం నీళ్లలోంచి హైడ్రోజన్‌ను విడగొడుతుంది. ఆ గ్యాస్ భగ్గుమని రేకుల కప్పు దాకా లేచింది. వాడి చేతులు రెండూ కాలిపోయాయి. ఫోర్‌మన్ పొడి ఇసుక పోయబట్టి మిగతావాళ్లం బయటపడ్డాం. కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరాదురా, ఆ గ్యాస్‌లో కూడా మెగ్నీషియం మండుతుంది.

అవి ఉత్త చిప్స్. నీ దగ్గరున్నది పొడి. మీ అమ్మ అల్యూమినియం గిన్నె రోజూ స్టవ్ మీదే ఉంటుంది, ఏమీ కాదు. దాని మీద పలచటి ఆక్సైడ్ పొర కాపలా ఉంటుంది, ముద్దగా ఉన్న లోహం వేడిని పంచేసుకుంటుంది. నలిపితే ఆ రెండూ పోతాయి. కొత్తగా విరిగిన రేణువులకు గాలి తగిలితే, మూత తీసిన క్షణంలోనే అంటుకోవచ్చు. ధూళిగా లేచిందా, చిన్న రవ్వ చాలు పేలడానికి. మిక్సీ మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌ల దగ్గర రవ్వలు వస్తూనే ఉంటాయి. నైలాన్ చొక్కా రాపిడికి పుట్టే కరెంటు కూడా సరిపోతుంది.

దీపావళి రాత్రి మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా పిల్లలు వస్తారు. వాళ్లలో ఎక్కువమంది కాల్చింది దుకాణంలో కొన్నవే.

లైసెన్స్ లేకుండా బాణసంచా తయారుచేస్తే 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద మూడేళ్ల దాకా జైలు. అది తర్వాతి సంగతి, ముందు నువ్వు బతకాలి.

ఇప్పుడు డాబా మీదికి ఎవరినీ వెళ్లనివ్వకు. ఆ పొడిని ఊడవకు, వేరే డబ్బాలోకి పోయకు, తడపకు, సింకులో పారబోయకు. అంటుకుంటే ఆర్పబోకు. అందరినీ కిందికి దింపి 101కి ఫోన్ చేసి, మెగ్నీషియం అని ముందే చెప్పు. వాళ్లు నీళ్లతో రాకూడదు.

సాయంత్రం ఆరింటికి వస్తాను. ఇద్దరం ఫైర్ స్టేషన్‌కి వెళ్లి, ఆ పొడిని ఎలా తీయించాలో అడుగుదాం. వాళ్లు కోప్పడితే నేను మాట్లాడతాను. గేటు దగ్గరే ఉండు.

మీ మామయ్య