లామినేషన్ పౌచ్‌లకు, ఫిల్మ్ రోల్స్‌కు దిగుమతిలో కస్టమ్స్ కోడ్ ఒకటేనా?

కాదు, రెండూ కస్టమ్స్ టారిఫ్ (సుంకాల పట్టిక)లో ప్లాస్టిక్ సరుకుల 39వ అధ్యాయంలోనివే అయినా, వేడితో అతికే ఫిల్మ్ రోల్ సాధారణంగా 3920 శీర్షిక కిందికి, అంచు అతికించి మూలలు గుండ్రంగా కోసిన పౌచ్ 3926 వైపుకి పోతాయి.

దీనికి మూలం ఆ అధ్యాయంలోని 10వ నోట్. ఫిల్మ్ అనిపించుకోవాలంటే సరుకును కోయకూడదు, కోసినా చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో కోసి అక్కడితో ఆపాలి. అంతకు మించి పని జరిగిందంటే అది ఫిల్మ్ కాదు, తయారైన వస్తువు కిందే లెక్క.

కర్నూలు కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల జిరాక్స్ షాపులకు సరుకు వేసే వ్యాపారి చెన్నై పోర్టు ద్వారా రెండు రకాలూ తెప్పిస్తున్నాడనుకోండి. ఆధార్ సైజు పౌచ్‌లో రెండు పొరలు ఒక అంచున అతికి, పుస్తకంలా తెరుచుకుంటాయి. రోల్‌కి ఆ పనేమీ ఉండదు. ఇన్‌వాయిస్ ఒక్కటే అయినా బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) రెండు వేర్వేరు లైన్లు పడాలి.

చాలామంది 'పౌచ్' అన్న పేరు చూసి 3923 వేసేస్తారు. అది సరుకు నింపి పంపే సంచులకు, డబ్బాలకు. జిగురు ఉంది కదా అని 3919 వేసేవాళ్లూ ఉన్నారు, అదీ పొరపాటే. వేడీ తడీ లేకుండా, నొక్కితే చాలు అతుక్కునే ఫిల్మ్‌కే ఆ శీర్షిక. మామూలు పౌచ్ మాత్రం మెషిన్‌లో వేడెక్కితే గానీ అతకదు.

సప్లయర్ ఇచ్చిన కోడ్‌లో మొదటి 6 అంకెలే అన్ని దేశాలకూ ఉమ్మడి. మన దేశంలో 8 అంకెలు కావాలి, మిగతా రెండూ మన టారిఫ్‌లోంచే తీసుకోవాలి.