రూటరు సీపీయూ వంద శాతం, కొన్ని సైట్లే స్లో: సమాధానం

అన్నా, రాయగడలో మీ రూటరు సిస్కో 7600, అందులో మెయిన్ కార్డు సూప్720-3బీఎక్స్ఎల్, రెండు అప్‌స్ట్రీమ్‌ల (మనకి నెట్ ఇచ్చే పెద్ద కంపెనీల) నుంచీ ఫుల్ టేబుల్ (ఇంటర్నెట్ రూట్లన్నీ ఉన్న జాబితా), వాళ్ళతో సెషన్లన్నీ అప్‌లోనే ఉన్నా సీపీయూ వందకెళ్ళి కొన్ని సైట్లే నత్తనడక అన్నారు కదా, లింకు తప్పు కాదు, టీక్యామ్, అంటే ప్యాకెట్లని వేగంగా దారి పట్టించడానికి కార్డులో ఉండే ప్రత్యేక మెమరీ, నిండిపోయినట్టుంది. రూటరులో షో ఎంఎల్‌ఎస్ సెఫ్ ఎక్సెప్షన్ స్టేటస్ అనే కమాండు కొట్టి చూడండి, ఐపీవీ4 (పాత తరం ఐపీ అడ్రసులు) ఎదురుగా ట్రూ అని వస్తే అదే.

బీజీపీ (నెట్‌వర్కులు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే పద్ధతి) ద్వారా వచ్చిన రూట్లన్నీ మామూలు మెమరీలో బానే కూర్చుంటాయి గాని టీక్యామ్‌లో చోటు దొరకని వాటి ప్యాకెట్లు సీపీయూ మీద పడతాయి, అందుకే ఆ సైట్లకే స్లో. 2014 ఆగస్టు 12న ప్రపంచంలో చాలా చోట్ల ఇదే దెబ్బ పడింది, టేబుల్ 512కె (దాదాపు ఐదు లక్షల పన్నెండు వేల రూట్లు) దాటింది, ఈ కార్డుల్లో ఐపీవీ4కి డిఫాల్టుగా ఇచ్చిన చోటూ అంతే. అప్పుడు మాక్సిమమ్-రూట్స్ అనే సెట్టింగుతో ఐపీవీ4 చోటు పెంచి రీలోడ్ (రూటరు రీస్టార్ట్) చేస్తే సరిపోయేది. ఇప్పుడు టేబుల్ పది లక్షల దగ్గరుంది, కార్డు మొత్తం చోటే అంత, పైగా ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసులు) రూటు ఒక్కోటి రెండు గళ్ళు తింటుంది, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

పర్లాకిమిడిలో మా పాత రూటరుకి నేను చేసింది చెప్తాను. అప్‌స్ట్రీమ్‌లు ఇద్దరినీ డిఫాల్ట్ రూటు (జాబితాలో లేని అడ్రసులన్నిటికీ వాడే ఒకే దారి) పంపమన్నాను, దాంతో పాటు వాళ్ళ సొంత కస్టమర్ల రూట్లు మాత్రమే తీసుకున్నాను, మిగతావి ప్రిఫిక్స్ లిస్టుతో (ఏ రూట్లు రానివ్వాలో చెప్పే ఫిల్టరుతో) ఇన్‌బౌండ్‌లోనే, అంటే లోపలికి వచ్చేటప్పుడే ఆపేశాను. ముందు డిఫాల్ట్ వచ్చిందో లేదో కళ్ళారా చూసుకోండి, ఆ తర్వాతే ఫిల్టర్, లేకపోతే ఊరంతా పడిపోద్ది. ఫిల్టర్ పెట్టినా ఎక్సెప్షన్ తనంతట తాను పోదు, రీలోడ్ తప్పదు, కాన్ఫిగ్ సేవ్ చేసి రాత్రి రెండింటికి పెట్టుకోండి, కస్టమర్లకి సాయంత్రమే మెసేజ్ పంపండి.