మెయిన్ ప్యానెల్‌పై ఫాల్ట్ కరెంట్ లేబుల్: ఖర్చు ఓనరుదా, కిరాయిదారుదా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, 2008లో కట్టిన షాపింగ్ సెంటర్‌లో రెస్టారెంటు కోసం దుకాణం లీజుకు తీసుకున్నాను. మా వంటగది లోడ్ కోసం విద్యుత్ సంస్థ 300 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ తీసి 500 కేవీఏది పెట్టింది. మెయిన్ ప్యానెల్‌పై ఫాల్ట్ కరెంట్ (షార్ట్ సర్క్యూట్ వేళ ప్రవహించే కరెంట్) లేబుల్ లేదంటూ సిటీ ఇన్‌స్పెక్టర్ ఫైనల్ ఆమోదం ఇవ్వడం లేదు. అది నా పనేనని ఓనరు అంటున్నారు. పాత భవనానికి ఈ నిబంధన వర్తిస్తుందా?

జవాబు: అమెరికాలో విద్యుత్ వైరింగ్ భద్రతకు ప్రమాణమైన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 2011 ఎడిషన్‌లో చేరిన 110.24 నిబంధన ప్రకారం, నివాస గృహాలు కాని భవనాల్లో సర్వీస్ ఎక్విప్‌మెంట్ (బయటి సరఫరా భవనంలోకి వచ్చే చోట ఉండే మెయిన్ ప్యానెల్ వంటి పరికరం) వద్ద గరిష్ఠంగా ఎంత ఫాల్ట్ కరెంట్ రాగలదో, ఆ లెక్క ఏ తేదీన కట్టారో చెరిగిపోని విధంగా దానిమీద గుర్తించాలి. కోడ్ తనంతట తాను చట్టం కాదు గానీ, టెక్సస్ 2023 సెప్టెంబరు 1 నుంచి 2023 ఎడిషన్‌ను అమల్లోకి తెచ్చింది.

2008 నాటి ప్యానెల్‌కు కేవలం పాతదన్న కారణంగా లేబుల్ అడగరన్న వాదనలో కొంత బలం ఉంది. అయితే ఫాల్ట్ కరెంట్‌ను మార్చే మార్పులు జరిగినప్పుడు లెక్కను మళ్లీ సరిచూడాలని అదే నిబంధన రెండో భాగం చెబుతోంది కాబట్టి, మీ పర్మిట్ పని వల్లనే ట్రాన్స్‌ఫార్మర్ మారిన ఈ సందర్భంలో ఇన్‌స్పెక్టర్‌తో వాదించి గెలుస్తారని నేను అనుకోను.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది లేబుల్ కాదు, బ్రేకర్. 208 వోల్టుల త్రీ ఫేజ్ సరఫరాలో, ఇంపెడెన్స్ (ట్రాన్స్‌ఫార్మర్ కరెంట్‌కు కలిగించే అడ్డు) 4 శాతం అనుకుంటే, 300 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినళ్ల వద్ద ఫాల్ట్ కరెంట్ సుమారు 20,800 ఆంపియర్లు; 500 కేవీఏకి అది 34,700 దాకా వెళుతుంది. కేబుల్ పొడవును బట్టి ప్యానెల్ వద్ద ఇది తగ్గుతుంది. మీ మెయిన్ బ్రేకర్ ఇంటరప్టింగ్ రేటింగ్ (అది క్షేమంగా తెంచగల గరిష్ఠ ఫాల్ట్ కరెంట్) 22,000 ఆంపియర్లు అయితే, నిన్నటిదాకా సరిపోయినది నేడు సరిపోకపోవచ్చు, అప్పుడు ఆ రేటింగ్ ఫాల్ట్ కరెంట్‌కు సరిపడా ఉండాలన్న 110.9 నిబంధన ఉల్లంఘన అవుతుంది, షార్ట్ సర్క్యూట్ వేళ బ్రేకర్ పగిలి ఎదుట నిలిచిన మనిషికి ప్రాణాపాయం కలగవచ్చు. అందుచేత విద్యుత్ సంస్థ నుంచి ఫాల్ట్ కరెంట్ అంకె రాతపూర్వకంగా తీసుకుని, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనో ఇంజనీరుతోనో లెక్క కట్టించండి. అంకె తెలియకుండా లేబుల్ అంటించనివ్వకండి.

ఖర్చు ఎవరిదో కోడ్ చెప్పదు, లీజు చెబుతుంది. కమర్షియల్ లీజులో స్థలం ఉద్దేశించిన పనికి తగినట్టు ఉంటుందన్న అంతర్లీన హామీని టెక్సస్ సుప్రీంకోర్టు 1988లో గుర్తించింది. కానీ ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) అని స్పష్టంగా రాసుకున్న లీజులో కిరాయిదారు ఆ హామీని వదులుకున్నట్టేనని 2007లో తేల్చింది. మీ లీజులో ఆ మాట ఉందా, చట్టాల పాటింపు బాధ్యత ఎవరిపై ఉంది, ఉమ్మడి విద్యుత్ పరికరాలు ఎవరి ఆధీనం అన్న మూడు క్లాజులు చూడండి. లోడ్ పెంచింది మీరే కాబట్టి లేబుల్, లెక్కల ఖర్చు మీపై పడే అవకాశమే ఎక్కువ. ఆ ప్యానెల్ ఇతర దుకాణాలకూ సరఫరా చేస్తూ ఉంటే మాత్రం, బ్రేకర్ మార్పు ఖర్చులో వాటా కోరుతూ పని మొదలుకాక ముందే, లీజులో చెప్పిన పద్ధతిలో ఓనరుకు రాతపూర్వక నోటీసు ఇవ్వండి.