చిన్న ట్రైలర్‌తో సుంకి ఘాట్ ఎక్కి దిగాలంటే

బరంపురం నుంచి సాలూరు మీదుగా సుంకి ఘాట్‌లో కొరాపుట్ ఎక్కి, దేవమాలి కొండ దగ్గర పిల్లలతో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నామని రాశారు. డబుల్ క్యాబ్ పికప్, దాని వెనక 900 కిలోల క్యాంపింగ్ ట్రైలర్. దారిలో పిల్లలు ట్రైలర్‌లో పడుకోవచ్చా అని కూడా అడిగారు. ముందు దానికే జవాబు: వద్దు. బండి కదులుతున్నంతసేపు ట్రైలర్‌లో మనిషి ఉండకూడదు. అందులో సీటు బెల్టు ఉండదు, లోపల ఏం జరుగుతోందో మీకు తెలియదు. పిల్లలు ఎంత మారాం చేసినా ఒప్పుకోకండి.

మాది జయపురం. సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో మీ ట్రైలర్ లాంటిదే ఒకటి చేయించుకున్నాను. 'పికప్ రెండు టన్నులు లాగుతుంది, నీది టన్ను కూడా లేదు, భయమెందుకు' అని మీకెవరో చెప్పారని రాశారు కదా, నాకూ అప్పుడు అలాగే చెప్పారు. లాగడం వరకు నిజమే. నాకు ఘాట్‌లో ఏమీ కాలేదు, తిన్నటి రోడ్డు మీద అయింది.

మొదటి ఏడాది సంక్రాంతికి విజయనగరం వెళ్తున్నాం. ఘాట్ జాగ్రత్తగా దిగి, రామభద్రపురం దాటాక రోడ్డు బాగుందని 75కి ఎక్కించాను. ఎదురుగా ఒక లారీ జోరుగా వచ్చి దాటింది. ఆ గాలికి ట్రైలర్ ఒకసారి అటూ ఇటూ ఊగింది. రెండోసారి ఇంకా ఎక్కువ ఊగింది. పికప్ వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టు అనిపించింది. కంగారులో బ్రేకు తొక్కాను. అది పెద్ద తప్పు. ముందు బండి తగ్గుతుంటే వెనక బరువు తోసుకొస్తుంది, ఊపు పెరుగుతుంది. మా ఆవిడ పిల్లాడి తలని ఒళ్లోకి లాక్కుంది. ఎలాగో కాలు తీసేసి, స్టీరింగ్ కదపకుండా తిన్నగా పట్టుకున్నాను. దానంతట అదే వేగం తగ్గి ఊపు ఆగింది. పక్కకి ఆపి దిగితే నా కాళ్లు వణుకుతున్నాయి.

మా వీధిలో ముప్పై ఏళ్లు లారీ నడిపిన బాబాయి ఉన్నారు. ఇంటికొచ్చాక ట్రైలర్ తలుపు తీసి చూసి, "నీళ్లు, జనరేటర్ తోక దగ్గర పెట్టావేంట్రా?" అన్నారు. నిజమే. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. వెనక తలుపు తీయగానే అందుతాయని అక్కడ పెట్టాను. తోక బరువైతే ముక్కు లేస్తుంది. అలాంటి ట్రైలర్ చిన్న గాలికే ఊగడం మొదలెడుతుంది.

మర్నాడు కాటాకి తీసుకెళ్లాం. ఈ పని మీరూ తప్పకుండా చేయండి. సామాను, నీళ్లు అన్నీ ఎక్కించాక ట్రైలర్‌ని విప్పి, దాన్ని మాత్రమే కాటా మీద ఉంచి తూచండి. తర్వాత పికప్‌కి తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలబెట్టి మళ్లీ తూచండి. ఆ రెండింటి తేడానే హిచ్ మీద, అంటే పికప్ వెనక ట్రైలర్‌ని తగిలించే చోట, పడే బరువు. మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. నాది మొత్తం 910, చక్రాల మీద 850. అంటే హిచ్ మీద 60 కిలోలే, ఏడు శాతం కూడా లేదు. నీళ్ల డబ్బాలు ఇరుసుకి కొంచెం ముందుకి జరిపాక 105 వచ్చింది. అప్పటి నుంచి అదే దారిలో, అవే లారీల పక్కన, ఒక్కసారి కూడా ఊగలేదు. అయినా వేగం 60 దాటనివ్వను. హిచ్ మీద పడే బరువు పికప్ మోయాల్సిన బరువులోకే వస్తుంది కాబట్టి మనుషుల్ని, తొట్టిలో సామానుని కూడా లెక్కలో వేసుకోండి.

ఇక తగిలించడం. బాల్ (హిచ్ మీద ఉండే ఇనుప గుండు) సైజు, కప్లర్ (ట్రైలర్ ముక్కున ఆ గుండు మీద కూర్చునే కప్పు) సైజు ఒకటేనా అని చూడండి. 50 మిల్లీమీటర్ల కప్లర్‌ని అంతకంటే చిన్న బాల్ మీద పెట్టినా కూర్చున్నట్టే కనిపిస్తుంది, గుంతలో ఎగిరినప్పుడు ఊడొస్తుంది. లాక్ వేశాక ట్రైలర్ జాకీని కొంచెం పైకి తిప్పండి. పికప్ వెనక భాగం కూడా లేస్తే గట్టిగా పట్టినట్టు. రెండు గొలుసుల్నీ కప్లర్ కింద ఇంటూ మార్కులా వేయండి. ఒకవేళ ఊడినా ముక్కు రోడ్డులో దిగబడకుండా ఆ గొలుసుల మీద పడుతుంది. ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు లైటు, ఇండికేటర్లు చూడండి. చలికాలం పొద్దున కొరాపుట్ వైపు మంచులో మీ వెనకాల వచ్చేవాడికి కనబడేది ఆ లైట్లే. టైర్ల గాలి బండి చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. మొదటి 80, 100 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు ఒకసారి బిగించండి.

మీ ట్రైలర్‌కి సొంత బ్రేకు ఉందో లేదో రాయలేదు. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి బ్రేకు ఉండి తీరాలి. మన ఘాట్లకి అయితే ఇంకా అవసరం. ఓవర్ రన్ బ్రేకు చాలు. పికప్ తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకి తోసే ఆ తోపుతోనే దాని బ్రేకు పడుతుంది. లేకపోతే పెట్టించాకే బయల్దేరండి.

సాలూరు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి చూసుకుంటే సరిపోతుంది. దిగేటప్పుడు మాత్రం లారీ డ్రైవర్ల మాట పాటించండి: ఏ గేర్‌లో ఎక్కావో అదే గేర్‌లో దిగు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే కాసేపటికి కాలిన వాసన వస్తుంది, తర్వాత తొక్కినా పట్టదు. సుంకిలో టీకి ఆగినప్పుడు ట్రైలర్ చక్రాల డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండానే వేడి తెలుస్తుంది. రెండింటిలో ఒకటి మరీ కాగి ఉంటే ఆ బేరింగో బ్రేకో చూపించాలి. మలుపుల్లో ట్రైలర్ లోపలికి కోసుకుంటుంది, చక్రం కాలవలో పడుతుంది. కొంచెం ముందుకి పోనిచ్చి తిప్పండి. చీకటి పడ్డాక వెళ్లకండి. ఆగిపోయిన లారీల టైర్ల కింద పెట్టిన రాళ్లు రోడ్డు మీదే వదిలేసి పోతుంటారు.

రివర్స్ ఖాళీ మైదానంలో నేర్చుకోండి. స్టీరింగ్ కింది భాగం పట్టుకుంటే, చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటే వెళ్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే, కాబట్టి దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్సూరెన్స్ వాళ్లకీ ముందే చెప్పండి.

దేవమాలి 1,672 మీటర్లు. నేనైతే పైదాకా ట్రైలర్ తీసుకెళ్లను, సెమిలిగుడలో తెలిసినవాళ్ల దొడ్లో విప్పేసి పికప్‌తోనే పైకి వెళ్తాను. అక్కడ విప్పేటప్పుడు మొదట ట్రైలర్ చక్రాలకి రెండు వైపులా అడ్డు చెక్కలు పెట్టండి, ఆ తర్వాతే గొలుసుల మీద చెయ్యి వేయండి.